టీచరు గడిలో రాసిన వాక్యం

ఆమె దగ్గర కారు నడపడం నేర్చుకున్నవాళ్ళు ఊరి నిండా ఉన్నారు. వాళ్ళందరూ ఆమెను బ్రేకమ్మ అంటారు. ఎదురుపడితే మాత్రం టీచరుగారూ అంటారు. ఇరవై తొమ్మిదేళ్ళుగా ఆమె వృత్తి ఒక్కటే. పక్కసీట్లో కూర్చోవడం, తనవైపు అమర్చిన రెండో బ్రేకు మీద కాలు ఆనించి ఉంచడం, రోడ్డు మీదనుంచి చూపు తిప్పకుండా మాట్లాడడం. ఇనుప సామాను కొట్టు పైన ఒక గది, రెండు చిన్న కార్లు, గోడకు రోడ్డు గుర్తుల పటం, ఒక బీరువా. ఆమె బడి అంతకు మించి పెరగలేదు. పెంచాలని ఆమె అనుకోనూ లేదు.

ఆ బడికి ఒక పద్ధతి ఉంది. చేరిన ప్రతివాళ్ళకూ మొదటిరోజే ఒక నోటుపుస్తకం ఇస్తుంది. పేజీకి రెండు గడులు. ఎడమ గడిలో ఆ రోజు తాము చేసిన తప్పు నేర్చుకునేవాళ్ళు రాయాలి. కుడి గడిలో టీచరు తన తప్పు రాస్తుంది. రెండు గడులూ నిండందే కారు తలుపు తెరుచుకోదు. ఊళ్ళో ఉన్న మిగతా బడుల్లో ఎడమ గడిలాంటిది ఏదో ఒక రూపంలో ఉంటుంది. కుడి గడి మాత్రం ఎక్కడా లేదు. "మలుపు దగ్గర చెప్పవలసిన మాట రెండు క్షణాలు ఆలస్యంగా చెప్పాను." "ఇంటి దగ్గరి విసుగు పాఠంలోకి తెచ్చాను." "అవసరం లేకుండా బ్రేకు నొక్కి, ఆమె ధైర్యం చెడగొట్టాను." ఇలాంటివి వేలకొద్దీ రాసింది. మర్యాదకోసం రాసింది ఒక్కటీ లేదు. ఏదో ఒకటి రాసి గడి నింపాలని చూసిన శిష్యులచేత ఆ పేజీ చింపించి మళ్ళీ రాయించేది.

ఆ పుస్తకాల్లో ఒకటి ఆమె కొంప ముంచడానికి సిద్ధమైంది.

ప్రమాదం జరిగినది ఒక మంగళవారం ఉదయం ఏడు గంటల ఇరవై నిమిషాలకు. స్టీరింగు ముందున్నది ఆసుపత్రి ల్యాబులో రక్తపరీక్షలు చేసే ఆవిడ. వయసు నలభై నాలుగు. అది ఆమెకు ఏడో పాఠం. కొన్ని వారాలు ఆమె డ్యూటీ తెల్లవారకముందే మొదలవుతుంది. బస్సులు ఆ వేళకు తిరగవు. భర్త దింపుతాడు గాని, దింపిన ప్రతిసారీ దారి పొడవునా సణుగుతాడు. ఆ సణుగుడు పడలేకే కారు నేర్చుకోవడానికి వచ్చానని చేరినరోజే చెప్పింది.

వాళ్ళు పెద్దరోడ్డు మీద, గంటకు నలభై కిలోమీటర్ల వేగంతో, తమ వరసలో తాము పోతున్నారు. పక్కనుంచి ఒక చిన్నరోడ్డు వచ్చి కలిసేచోట తలకిందుల త్రికోణం బోర్డు ఉంది. పెద్దరోడ్డు మీద వచ్చేవాళ్ళకు దారి ఇచ్చి, ఆ తర్వాతే కదలాలని దాని అర్థం. నేల మీద తెల్లగీత కూడా ఉంది. ఒక పళ్ళడాక్టరు తన వెండిరంగు కారులో ఆ గీత దగ్గర ఆగకుండా వచ్చి పెద్దరోడ్డుకు అడ్డం పడ్డాడు. టీచరు బ్రేకు నొక్కింది. చక్రాలు రోడ్డు మీద చారలు గీశాయి. బడి కారు ముందుభాగం డాక్టరు కారు తలుపులోకి దూసుకుపోయింది. టీచరుకు ఎడమ ముంజేయి విరిగింది. ల్యాబావిడకు రెండు పక్కటెముకలు చిట్లాయి. డాక్టరుకు ఏమీ కాలేదు. ఆయన దిగి తన తలుపు చూసుకుని, ఫోను తీసి, క్లినిక్కుకు గంట ఆలస్యంగా వస్తానని చెప్పాడు.

ఆసుపత్రి వరండాలో ఎముకల డాక్టరు కోసం బల్ల మీద కూర్చున్నంతసేపూ ల్యాబావిడ ఒకే మాట తిప్పితిప్పి అన్నది. "నావల్లే టీచరుగారూ. మిమ్మల్ని చంపేసేదాన్ని. జన్మలో మళ్ళీ స్టీరింగు ముట్టుకోను." ఊపిరి తీసుకుంటే నొప్పి, ఏడిస్తే ఇంకా నొప్పి. అయినా ఏడుపు ఆగలేదు. టీచరు కాసేపు విన్నది. ఆ తర్వాత సంచిలోంచి పుస్తకం తీసి, ఒళ్ళో పెట్టుకుని, ఎడమ గడిలో అడ్డంగా ఒక గీత కొట్టింది. కుడి గడిలో ఇలా రాసింది: "ఈ రోజు తప్పు పూర్తిగా నాది. రెండో బ్రేకు ముందే నొక్కవలసింది. ఆలస్యం చేశాను." కింద తేదీ వేసి, సంతకం చేసి, పుస్తకం ఆమె చేతిలో పెట్టింది.

ఆ వాక్యం అబద్ధం. రాస్తున్నప్పుడే ఆ సంగతి టీచరుకు తెలుసు. ఆ పుస్తకాల్లో ఆమె రాసిన మొదటి అబద్ధం అదే. కాని దాని ఫలితం కళ్ళముందే కనిపించింది. ల్యాబావిడ ఆ వాక్యం రెండుసార్లు చదువుకుంది, ముక్కు తుడుచుకుంది, ఏడుపు మానింది. ఎముకలు అతుక్కున్నాక, పదకొండు వారాలకు, బడి మెట్లెక్కి వచ్చి మళ్ళీ చేరింది. టీచరు తన లెక్క సరిపోయిందనుకుంది.

ఇద్దరూ కలిసి నష్టపరిహారానికి క్లెయిమ్ వేశారు. డాక్టరు తరఫున జవాబు ఇవ్వవలసినది ఆయన బీమా కంపెనీ. కంపెనీవారి విచారణ మనిషి ఒకాయన ల్యాబావిడ ఇంటికి వచ్చాడు. మాటకు ముందు అమ్మా, మాటకు వెనక అమ్మా అనే రకం. మీకు శిక్షణ సక్రమంగా అందిందని చూపే కాగితం ఏదైనా ఉందా అని అడిగాడు. ఆమె పుస్తకం తెచ్చి ఇచ్చింది. తమ టీచరు ఎంత నిజాయితీగల మనిషో ఆ కుడి గడులు చూస్తే ఎవరికైనా తెలుస్తుందని కూడా చెప్పి పంపింది. ఆయన ఎంతో శ్రద్ధగా ప్రతి పేజీ ఫోటో తీసుకున్నాడు.

నెల తిరక్కుండా కంపెనీ లాయరు దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది. తప్పు పూర్తిగా తనదేనని శిక్షకురాలు స్వదస్తూరీతో ఒప్పుకున్న పేజీ నకలు దానికి జతచేసి ఉంది.

క్లెయిమ్ నడుపుతున్నది టీచరు అన్నయ్య కూతురు, ఆమె లాయరు. ఆమె ఆ నకలును మేజా మీద పరిచి, కళ్ళజోడు పైకి నెట్టుకుంది.

"అత్తా, ఇది నీ రాతేనా?"

"నాదే."

"చెయ్యి విరిగిన పూట కూడా ముత్యాల్లా రాశావు."

"విరిగింది ఎడమ చెయ్యి."

మేనకోడలు నవ్వలేదు. పరిస్థితి ఎలా ఉందో చెప్పింది. ఇటువంటి కేసుల్లో ప్రమాద పరిహారాలు తేల్చే ట్రిబ్యునల్ తప్పును పది వంతులు చేసి పంచుతుంది. ఎవరి వంతు ఎంతో, పరిహారంలో కోత అంత. కోత సంగతి వదిలేసినా, డ్రైవింగు నేర్పేవాళ్ళకు వేరే నిబంధన ఉంది. ఏ ప్రమాదంలోనైనా శిక్షకుల వంతు ఒకటి దాటిందంటే లైసెన్సు మూడేళ్ళు రద్దు. అరవై దాటినవాళ్ళకు కొత్త లైసెన్సు ఇవ్వరు. అత్తయ్యకు యాభై ఎనిమిది. అంటే రెండు వంతులు పడినరోజున ఆమె బడికి తాళం పడుతుంది. మళ్ళీ తియ్యడమంటూ ఉండదు.

బీమా లాయరు ఇవ్వజూపినది సరిగ్గా రెండు వంతులే. ఎనిమిది వంతులు మాకు, రెండు మీకు. విచారణ అక్కర్లేదు, సంతకాలు చేసి ఎవరిదారిన వాళ్ళు పోదాం. చూడడానికి ఎంతో ఉదారంగా ఉంది. అన్నయ్య వెంటనే పుచ్చుకొమ్మన్నాడు. ఎన్నేళ్ళు ఇలా పక్కసీట్లో కూర్చుని గుండె చేత్తో పట్టుకుని తిరుగుతావు, హాయిగా ఇంటిపట్టున ఉండమన్నాడు. వదిన వంటింట్లోంచే అడ్డం పడింది. "ఇంటిపట్టున ఉంటే మనందరికీ బ్రేకులు వేస్తుంది. ఆవిణ్ణి రోడ్డు మీదే ఉండనివ్వండి."

టీచరు ఆ రెండు వంతులు తీసుకోనన్నది. తనకు రావలసినదాని కంటే ఎక్కువ తప్పు తాను ఎందుకు మోయాలో ఎవరైనా చెబితే వింటానన్నది. 

ఒక ఆదివారం ఉదయం ఆమె మేనకోడల్ని వెంటబెట్టుకుని ఆ కూడలికి వెళ్ళింది. టేపు ఒక కొస మేనకోడలి చేత పట్టించి, పోలీసు పటంలో ఉన్న ప్రతి దూరాన్నీ మళ్ళీ కొలిచింది. డాక్టరు గీత దాటినచోటినుంచి గుద్దుకున్నచోటికి అయిదు మీటర్లు. ఆయన ఒప్పుకున్న వేగానికి ఆ అయిదు మీటర్లకు ఒక సెకను కూడా పట్టదు. ఆ కాస్త సమయంలోనే బడి కారు పది మీటర్లు వచ్చింది. మనిషి కళ్ళు చూసి, కాలు కదిలి, బ్రేకు పట్టేలోపునే నలభై వేగంలో కారు పదకొండు మీటర్లు పోతుంది. ఆమె కాలు ముందే బ్రేకు మీద ఉండబట్టి ఆ కాస్త చారలైనా పడ్డాయి. ఈ లెక్క ఆమె ఇరవై తొమ్మిదేళ్ళుగా నల్లబల్ల మీద వేసి చూపిస్తూనే ఉంది.

మేనకోడలు టేపు చుడుతూ ఒక ఉపాయం చెప్పింది. రెండు గడులూ తప్పనిసరిగా నింపాలన్నది బడి పద్ధతి కాబట్టి, పద్ధతి ప్రకారం ఏదో ఒకటి రాశానని చెప్పమన్నది. అది సంప్రదాయమే తప్ప ఒప్పుకోలు కాదని తాను వాదిస్తుంది.

"ఏదో ఒకటి రాయడం ఆ పుస్తకాల్లో లేదు," అన్నది టీచరు.

"పోనీ, ఉందని ఒక్కరోజు అనుకో."

"అలా అంటే అన్ని పుస్తకాలూ చిత్తుకాగితాలే. నేను అబద్ధం రాశానని చెప్తాను."

"ప్రమాణం చేసి, బోనెక్కి, నేను అబద్ధాలు రాసే మనిషినని చెప్తావా?"

"రాసే మనిషినని కాదు. రాశానని."

మేనకోడలు టేపు చేతిలో పట్టుకుని ఆమె వంక చూసింది. తమ వంశంలో ఈ మొండితనం ఎవరి దగ్గర్నుంచి వచ్చిందో తెలిస్తే వాళ్ళ మీదే ఒక క్లెయిమ్ వేస్తానన్నది. తిరిగివచ్చే దారిలో టీచరు ఇంకొక మాట చెప్పింది. కారు నెత్తిమీద ఎల్ బోర్డు చూసి ఆగినవాణ్ణి తాను ఇంతవరకూ చూడలేదు. ఆ బోర్డు కనిపిస్తే చాలు, మామూలుగా గీత దగ్గర ఆగేవాళ్ళు కూడా ఆగరు. నేర్చుకునే బండి కదా, అదే భయపడి ఆగుతుందనుకుని తోసుకొస్తారు. కాబట్టి డాక్టరును రోడ్డు గురించి అడగవద్దు, ఎల్ బోర్డు బళ్ళ గురించి అడుగు, అన్నది. మేనకోడలు ఈ మాట రాసుకుంది.

విచారణ గది ఇరుకైనది. రెండు బల్లలు, గోడవారగా ఒక బెంచీ, తీర్పరి ముందు గుట్టగా కాగితాలు. తీర్పరికి జలుబు చేసి ఉంది. ప్రతి నాలుగు వాక్యాలకూ రుమాలు ముక్కుకు పెట్టుకుని, ఆ లోపల చెప్పినదంతా మళ్ళీ చెప్పించుకునేవాడు. ల్యాబావిడ బెంచీ మీద కూర్చుంది. క్లెయిమ్ ఆమెది కూడా కాబట్టి గదిలో ఉండే హక్కు ఆమెకుంది. అవతలి బల్ల దగ్గర పళ్ళడాక్టరు ఇస్త్రీ మడత చెదరకుండా కూర్చున్నాడు. ఈ పదకొండు నెలల్లో ఆయన ఒక్కసారి ఫోను చేసి మీ చెయ్యెలా ఉంది అని అడిగిన పాపాన పోలేదు. అలా అడిగితే తప్పు ఒప్పుకున్నట్టవుతుందని లాయరు చెప్పి ఉండవచ్చు. చెప్పకపోయినా ఆయన అడిగే రకంగా కనిపించలేదు.

మొదట టీచరునే పిలిచారు. బీమా లాయరుది సన్నటి గొంతు. ఆ వాక్యం పైకి చదవమన్నాడు. ఆమె చదివింది.

"ఇది నిజమా?"

"కాదు."

"అంటే మీరు అబద్ధం రాశారు."

"రాశాను."

"ఎందుకు?"

"ఆవిడ ఏడుపు ఆపడానికి."

లాయరు తీర్పరి వైపు తిరిగి చిన్నగా నవ్వాడు. తన పుస్తకంలో అబద్ధం రాసే మనిషి ఇక్కడ నిజం చెప్తున్నదని ఎలా నమ్మాలో తనకు బోధపడడం లేదన్నాడు.  అది ప్రశ్న కాదు. ఆయన మరో వైపునుంచి వచ్చాడు. ఆ సమయంలో స్టీరింగు ముందున్న శిష్యురాలు ఏం చేసిందని అడిగాడు.

టీచరు ఈ ప్రశ్న వస్తుందని ఊహించలేదు. మేనకోడలికి ఈ సంగతి చెప్పనూ లేదు. బెంచీ వైపు చూడకుండా జవాబిచ్చింది.

"ఏమీ చెయ్యలేదు. యాక్సిలరేటరు మీద కాలు అలాగే ఉంచింది. నా బ్రేకు పడ్డాక కూడా తియ్యలేదు."

 మేనకోడలు కాగితాల మీదికి వంగి కళ్ళు మూసుకుంది. శిష్యుల తప్పు శిక్షకుల వంతులోనే పడుతుంది. ఈ ఒక్క జవాబుతో రెండు వంతులు నాలుగు కావచ్చు. లాయరుకు కూడా అది తెలుసు. దొరికినదాన్ని భద్రంగా జేబులో వేసుకున్నవాడిలా, ఇక ప్రశ్నలు లేవని కూర్చున్నాడు.

మేనకోడలు లేచింది. ఆమె అడిగినది ఒక్కటే ప్రశ్న.

"ఆవిడ కాలు తీసి ఉంటే ప్రమాదం తప్పేదా?"

"తప్పేది కాదు. ఆయన గీత దాటేటప్పటికి మేము పది మీటర్ల దూరంలో ఉన్నాం. సెకనుకు పదకొండు మీటర్లు పోతున్నాం. ఆవిడ కాలు తీసినా, ఆవిడ స్థానంలో నేనే ఉన్నా, మీరున్నా, గుద్దుకునేవాళ్ళమే. దెబ్బ కాస్త తగ్గేదేమో."

తీర్పరి రుమాలు దించి, అంకెలు మళ్ళీ చెప్పించుకుని రాసుకున్నాడు.

తరవాత డాక్టరు. ఆయన చెప్పినది ముందే కాగితం మీద ఉన్నదే. గీత దగ్గర ఆగాను, రెండు వైపులా చూశాను, రోడ్డు ఖాళీగా ఉంది, బయల్దేరాను, ఆ కారు ఎక్కడనుంచి ఊడిపడిందో తెలియదు. వల్లెవేసినట్టు, ఎక్కడా తడబడకుండా చెప్పాడు. మేనకోడలు రోడ్డు ఊసు ఎత్తలేదు. రోజూ ఆ దారినే క్లినిక్కుకు వెళతారా అని అడిగింది. వెళతానన్నాడు. ఉదయంపూట అక్కడ డ్రైవింగు బడుల బళ్ళు ఎక్కువగా తిరుగుతాయటగదా, ఇబ్బందిగా ఉంటుందేమో అని అడిగింది. ఆమె గొంతులో సానుభూతి వినిపించింది. పంటినొప్పితో వచ్చినవాళ్ళతో ఆయన మాట్లాడే గొంతు కూడా బహుశా అదే.

డాక్టరు మొహం విచ్చుకుంది. ఇబ్బందా, అన్నాడు. ఆ బళ్ళవల్ల తాను ఎన్ని రోజులు ఆలస్యమయ్యాడో లెక్కలేదన్నాడు. నత్తల్లా పాకుతారు, ఎప్పుడు ఆగుతారో ఎప్పుడు కదులుతారో వాళ్ళకే తెలియదు, పనివేళల్లో వాళ్ళను రోడ్డెక్కనివ్వడమే తప్పు. ఆయన లాయరు కుర్చీలో ముందుకు జరిగాడు. డాక్టరు ఆయన వైపు చూడలేదు. తన కష్టం వినే మనిషి చాలాకాలానికి దొరికింది.

"ఆ రోజు కూడా అలాగే పాకుతున్నారా?" అని అడిగింది మేనకోడలు.

"ఆ రోజు తిన్నగానే వస్తున్నారు. ఎల్ బోర్డు కదా, నన్ను చూసి ఆగుతారనుకున్నాను."

ఆ మాట అన్న తర్వాత కూడా తానేమన్నాడో ఆయనకు వెంటనే తెలియలేదు. తన లాయరు బల్ల మీద కలం పడేసిన చప్పుడు వినిపించాక, రోడ్డు ఖాళీగా ఉందని తాను అంతకుముందే చెప్పినట్టు గుర్తొచ్చింది. దూరాన్నుంచి పొరపాటుగా కనిపించి ఉండవచ్చునని, కాదు, తరవాత చూశానని, ఏదో సర్దబోయాడు. తీర్పరి ఆయనను ఆపి, మొదట అన్న మాటను అక్షరం పొల్లుపోకుండా మళ్ళీ చెప్పించి రాసుకున్నాడు. ఈసారి రుమాలు అవసరం రాలేదు.

టీచరుకు అప్పుడు సంతోషం కలగలేదు. ఆమె బుర్రలో ఒక లెక్క నడుస్తున్నది. ఆ ఉదయం ఆ కూడలిలో ముగ్గురు మనుషులున్నారు. ఇద్దరు ఆడవాళ్ళు పదకొండు నెలలపాటు తప్పు తమదేనా అని తమలోతాము తవ్వుకున్నారు. ఒకామె ఏడ్చింది, ఒకామె రాసిచ్చింది. మూడో మనిషి ఒక్క నిమిషం కూడా ఆ పని చెయ్యలేదు. ఆ ఇద్దరూ తవ్విపోసిన మట్టినే ఆయన లాయరు మూటగట్టి సాక్ష్యంగా తెచ్చి బల్లమీద పెట్టాడు. తనను తాను పరీక్షించుకునే అలవాటు ఉన్నవాళ్ళకు చట్టం ముందు అది బరువు. లేనివాళ్ళు తేలిగ్గా నడిచిపోతారు. ఈ ఏర్పాటు ఎవరు చేశారో గాని, ఆడవాళ్ళు మాత్రం కాదు.

బయటికి వచ్చేసరికి ల్యాబావిడ లేదు. బెంచీ మీదనుంచి ఎప్పుడు లేచి వెళ్ళిందో ఎవరూ గమనించలేదు. మరునాడు పాఠానికి రాలేదు. ఆ మరునాడూ రాలేదు. టీచరు రెండుసార్లు ఫోను చేసింది. ఎత్తలేదు.

తీర్పు మూడు వారాలకు వచ్చింది. పదికి పది వంతులూ డాక్టరువే. దారి ఇవ్వవలసినవాడు, ఎదుటి బండిని చూసి కూడా, ఇవ్వలేదు. అవతలివాళ్ళే ఆగుతారని అనుకోవడం దారి ఇవ్వడం కాదు. నోటుపుస్తకం గురించి తీర్పరి రెండు వాక్యాలు మాత్రం రాశాడు. గాయపడిన సహచరిని ఊరడించడానికి ఆసుపత్రి వరండాలో రాసిన మాటకు, రోడ్డు మీద కొలిచిన దూరాల ముందు విలువ లేదు. ఆ మాట రాయడం మంచిదా కాదా అన్నది ఈ ట్రిబ్యునల్ తేల్చవలసిన విషయం కాదు. మేనకోడలు ఫోనులో చదివి వినిపించి, ఇకనైనా ఎవరికీ ఏమీ రాసివ్వకు అత్తా, అని మొరపెట్టుకుంది. అన్నయ్య స్వరం వెనకనుంచి వినిపించింది. లైసెన్సు నిలిచిందిగదా, ఇంకేం, అంటున్నాడు.

ట్రిబ్యునల్ తేల్చనని వదిలేసిన విషయం ఆ సాయంత్రం అయిదింటికి బడి మెట్లెక్కి వచ్చింది. ల్యాబావిడ డ్యూటీ దుస్తుల్లోనే ఉంది. కూర్చోమంటే కూర్చోలేదు. రోడ్డు గుర్తుల పటం పక్కన నిలబడింది.

"మనం గెలిచాం," అన్నది టీచరు.

"తెలిసింది. మీ మేనకోడలు చెప్పింది." ఆమె గొంతు మామూలుగానే ఉంది. "నా కాలు సంగతి నాకు ఎప్పుడు చెప్దామనుకున్నారు?"

టీచరు చేతిలోని తాళంచెవులు బల్ల మీద పెట్టింది.

"రోజుకు వందమందికి వాళ్ళ రక్తంలో ఉన్నది ఉన్నట్టు కాగితం మీద వేసి ఇస్తాను నేను. వాళ్ళు ఏడుస్తారేమోనని ఒక్క అంకె తగ్గించి వేస్తే నా ఉద్యోగం పోతుంది, పోవాలి కూడా. నా కాలు సంగతి పదకొండు నెలల తరవాత, ఆ పళ్ళడాక్టరు ఎదురుగా కూర్చుని, నలుగురితోపాటు తెలుసుకోవాలా నేను?"

"ఆ రోజు మీరున్న పరిస్థితిలో…"

"ఆ రోజు ఏడ్చాను. ఆ రోజే ఏడుపు ఆగింది. తరవాత నెలలు గడిచాయి. రోజూ మీ పక్కనే కూర్చున్నాను. ఒక్కరోజైనా చెప్పచ్చుగా? నిజం చెబితే పారిపోతానని మీరే తేల్చేశారు. నన్ను చంటిపిల్లను చేశారు."

కింద కొట్టులో ఎవరో గొలుసు తూకం వేయిస్తున్నారు. ఆ ఇనుప చప్పుడు పైదాకా వినిపిస్తున్నది. లోకంలో తప్పు మోయవలసినవాళ్ళు మోయరని ఆమె మూడు వారాలుగా మండిపడుతూనే ఉంది. అందులో కొంత న్యాయం ఉంది. కాని మోయగలిగిన మనిషి చేతిలోంచి ఆమె వంతు లాక్కుని తన నెత్తిన పెట్టుకోవడం ఏమిటి? దయ అని పేరు పెట్టుకుంది. ఎదుటి మనిషిని తక్కువగా చూడడానికి ఎంత మర్యాదైన మార్గం.

"ఏం జరిగిందో మొదటినుంచి చెప్తాను," అన్నది. "ఓదార్పు ఏమీ ఉండదు. వింటారా?"

"అందుకే వచ్చాను."

ల్యాబావిడ అప్పుడు కూర్చుంది. టీచరు చెప్పింది. వెండిరంగు కారు ముందుచక్రం గీత దాటడం తాను చూసింది. శిష్యురాలు కూడా చూసింది, ఎందుకంటే ఆ క్షణంలో ఆమె ఊపిరి బిగబట్టిన చప్పుడు తనకు వినిపించింది. చేతులు స్టీరింగు మీద బిగుసుకున్నాయి. కాలు కదల్లేదు. తాను బ్రేకు నొక్కింది. కాలు అప్పటికీ కదల్లేదు. ఇంజను ఒకవైపు లాగుతుంటే బ్రేకు మరోవైపు ఆపింది. గుద్దుకున్నాక కాలు తీసింది.

"తీసి ఉంటే నా ఎముకలు చిట్లేవి కావా?"

"చెప్పలేను. ఒకటి తప్పేదేమో. ఏదీ తప్పకపోయేదేమో."

"ఏడో పాఠంలో ఉన్నవాళ్ళు తీస్తారా మామూలుగా?"

"నేను చూసినంతలో ముగ్గురిలో ఒకరు తీస్తారు. ఇద్దరు బిగుసుకుపోతారు."

ల్యాబావిడ ఆ అంకెను కాసేపు మనసులో పెట్టుకుని చూసింది. రోగి కాగితం చేతికిచ్చే ముందు అంకె సరిచూసుకునేటప్పుడు ఆమె మొహం ఇలాగే ఉంటుంది కాబోలు.

"అంటే అది నేర్చుకోవలసిన సంగతి."

"అవును."

"నాకు నేర్పలేదు."

"లేదు. నేర్పాలంటే ముందు చెప్పాలి. చెప్పకూడదనుకున్నాను కాబట్టి నేర్పలేదు."

"ఈ నెలలన్నీ నేను అదే కాలితో బండి నడిపాను టీచరుగారూ."

ఈ మాటకు టీచరు వెన్ను నిటారుగా అయింది. ఆమె ఇంతవరకూ ఆ వాక్యాన్ని అబద్ధంగా చూసింది, మర్యాద తప్పడంగా చూసింది. ఒక శిష్యురాలిని సగం పాఠంతో, అదే బిగుసుకుపోయే కాలితో, రోజూ రోడ్డు మీదికి తీసుకెళ్ళడంగా ఇప్పుడే చూసింది. ఇందుకు ఏ ట్రిబ్యునలూ వంతులు వెయ్యలేదు. వేస్తే పదికి పది.

"రేపు రోడ్డు మీదికి పోము," అన్నది. "మిల్లు వెనక ఖాళీస్థలం ఉంది. నేను ఏ క్షణంలోనైనా కారు డాష్‌బోర్డును బల్ల చరిచినట్టు చరుస్తాను. మీరు కాలు తియ్యాలి. వేరే ఏమీ చెయ్యొద్దు, కాలు తియ్యడమే. గంటసేపు."

"గంటసేపూ కాలు తియ్యడమేనా?"

"చాలకపోతే రెండు గంటలు."

ల్యాబావిడ లేచి సంచి భుజానికి తగిలించుకుంది. ఇంకో బడిలో అడిగి వచ్చానని, వాళ్ళు పది పాఠాల్లో లైసెన్సు చేతిలో పెడతామన్నారని చెప్పింది. టీచరు వెళ్ళమనలేదు, ఉండమనలేదు. మెట్ల దగ్గర ల్యాబావిడ ఒక్క క్షణం ఆగింది.

"ఎన్నింటికి?"

"ఏడింటికి."

మరునాడు ఆమె ఏడుకు పది నిమిషాల ముందే వచ్చింది. మిల్లు వెనక నేల గట్టిగా, బోసిగా ఉంది. మొదటిసారి టీచరు చేత్తో చరిచినప్పుడు కాలు కదల్లేదు. రెండోసారీ కదల్లేదు. మూడోసారి కదిలింది గాని ఆలస్యంగా. ఎంత ఆలస్యమో టీచరు పైకి చెప్పింది, ఒక సెకను, ముప్పావు సెకను, మళ్ళీ ఒక సెకను, ఎక్కడా తగ్గించకుండా. ల్యాబావిడ పళ్ళు బిగించి విన్నది. పంతొమ్మిదోసారికి, చెయ్యి ఇంకా గాలిలో ఉండగానే, కాలు పైకి లేచింది.

"ఇది తొందర," అన్నది టీచరు. "మళ్ళీ."